మస్తానన్న మడిచిన పేపరు

దయ్యం పేరెత్తితే మా ఇంట్లో అందరికంటే ముందు నవ్వేది నేనే. ఇది చదివి మీరూ నవ్వుకోండి, నాకేం నష్టం లేదు. జరిగింది జరిగినట్టు చెప్తాను, అంతే.

పదహారేళ్ల వయసులో ప్రొద్దుటూరులో ఇంటింటికీ పేపర్లు వేసేవాణ్ణి. తెల్లవారుజామున బస్టాండులో కట్టలు దిగేవి. వాటిని సైకిల్‌కు కట్టుకుని, చేతికంటిన సిరా ప్యాంటుకు తుడుచుకుంటూ వీధుల్లో పడేవాళ్లం. ఎంత పెద్ద షావుకారైనా గేటు దగ్గర మా కోసం కాచుకోవాల్సిందే. ఫోన్లో వార్తలు చూసే ఈ కాలం పిల్లలకు మా పొగరు ఏం తెలుస్తుంది!

అవి ఫ్యాక్షన్ రోజులు. ఒక పేపరు ఒక పార్టీది, ఇంకోటి ఇంకో పార్టీది. ఏ ఇంట్లో ఏ పేపరు పడుతుందో తెలిస్తే ఆ ఇల్లు ఎవరి పక్షమో తెలిసిపోయేది. అందుకని పేపరు పేరు లోపలికి పోయేలా మడిచి వేసేవాళ్లం. ఆ పద్ధతి నేర్పింది మాలో పెద్దవాడైన మస్తానన్న. ఆయనది ఎడమచేతి వాటం. మూడు మడతలు పెట్టి, మూలను ఎడమవైపు లోపలికి దోపేవాడు. మాకెవరికీ అది చేతకాలేదు.

మస్తానన్న పేపర్లు వేసే వీధుల్లో, అంటే ఆయన లైనులో, ఒక రిటైరైన హెడ్‌మాస్టరు ఉండేవారు. కళ్లముందు జరిగిన హత్యకు సాక్షి. సాక్ష్యం మానుకోమని మనుషులొచ్చి బెదిరించారు. సారు వినలేదు. ఆ ఇంటికి ఎవరూ ఏమీ వేయకూడదని కట్టడి చేశారు. పాలు ఆగిపోయాయి, ఇస్త్రీ బట్టలు ఆగిపోయాయి. పేపరు మాత్రం ఆగలేదు.

"పేపరేసేటోనికి పార్టీ యాడుంటాదిరా!" అనేవాడు మస్తానన్న.

ఆ నెలలోనే ఎర్రగుంట్ల రోడ్డులో లారీ గుద్ది ఆయన చనిపోయాడు. యాక్సిడెంటే, అందులో ఎవరి చెయ్యీ లేదు. జనాజాకు భుజం పట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఆయన లైను నాకు వచ్చింది. "సారు ఇంటికి మాత్రం వద్దబ్బీ. మనకెందుకు?" అన్నాడు ఏజెంటు సుబ్బయ్య మామ. సరేనన్నాను. భయపడ్డాను, దాచుకోవడమెందుకు?

ఆ లైను నాకొచ్చిన నాలుగో రోజు ఇద్దరు మనుషులు నా సైకిల్ ఆపారు. "ఏమిరా, వద్దని చెప్పినా దినామూ పేపరేస్తాండావంట?" అంటూ నన్ను సారు ఇంటి ముందుకు లాక్కుపోయారు. మెట్టు మీద పేపరు ఉంది. మూడు మడతలు. మూల ఎడమవైపు దోపి ఉంది. అది మస్తానన్న మడత.

"నేనెయ్యలేదన్నా, అమ్మతోడు!"

"రేపు ఈడ పేపరు కనపడితే నీ చెయ్యి ఉండదు నా కొడకా."

మర్నాడు చీకటితోనే నన్ను బస్టాండు టీ కొట్టులో కూర్చోబెట్టారు. ఒకడు నా పక్కన, ఇంకొకడు సారు ఇంటి ఎదురుగా. సారు చదివే పేపరువి ఊరికొచ్చిన కట్టలన్నీ నా కాళ్ల దగ్గరే ఉన్నాయి. ఒక్కదాని తాడు కూడా తెగలేదు. తెల్లారాక నన్ను సారు ఇంటికి తీసుకుపోయారు. అప్పుడే సారు తలుపు తీసి, వంగి, మెట్టు మీది పేపరు తీసుకున్నారు. ఆయన మడత విప్పుతుంటే తారీఖు చూశాను. ఆ రోజుదే.

ఎదురుగా కాపలా ఉన్నవాడు లేచి నిలబడ్డాడు. "నేను రెప్ప గూడా ఎయ్యలేదన్నా. ఎవురూ రాల్యా" అన్నాడు. ఇద్దరూ నన్ను వదిలేసి వెళ్లిపోయారు.

నాకు భయం కంటే సిగ్గు ఎక్కువైంది. చచ్చిపోయిన మనిషి వచ్చి నా పని చేస్తుంటే, బతికున్న నేను టీ కొట్టులో కూర్చున్నానా? థూ, నా బతుకు! తిన్నగా మామ దగ్గరికి పోయాను.

"రేపటి నుంచి సారు ఇంటికి నేనేస్తా మామా."

"నీకేమన్నా ఐతే మీ అమ్మకు నేనేం జెప్పాలరా?"

"పేపరేస్తాండె అని చెప్పు."

మర్నాడు ఆ ఇద్దరూ సందు మొదట్లోనే నిలబడి ఉన్నారు. సైకిల్ దిగి, వాళ్ల మధ్య నుంచే తోసుకుంటూ నడిచాను. వాళ్లు నన్ను ఆపలేదు. సారు ఇంటి మెట్టు ఖాళీగా ఉంది. పేపరు పెట్టి, వీధంతా వినపడేలా "సార్, పేపర్!" అని అరిచాను.

సారు బయటికి వచ్చారు. "ఇన్నాళ్లూ వేస్తాండేది నువ్వేనా నాయనా?"

"కాదు సార్" అన్నాను.

సారు కోర్టుకు పోయి సాక్ష్యం చెప్పి వచ్చారు. నేను ఆ పని మానేదాకా ఆ మెట్టు మీద నా పేపరు తప్ప ఇంకోటి పడలేదు.

మొదటి అయిదు రోజులూ ఎవరు వేశారంటే ఇప్పటికీ చెప్పలేను. ఆరో రోజు నుంచి వేసింది నేను.