దోర్సిలా అక్క ఇంటి కప్పు

దోర్సిలా అక్కను మొన్న ఆమె ఇంటి పక్కనే మట్టిలో పెట్టాము. వచ్చినవాళ్లు ఆమె ఎండబెట్టిన చేపల రుచి గురించి, చర్చిలో పాడిన గొంతు గురించి మాట్లాడుకున్నారు. ఇంటి కప్పు మాట ఎవరూ ఎత్తలేదు. నాకు మాత్రం ముందుగా గుర్తుకొచ్చేది అదే.

మేము సవతులం. ఆమె పెద్ద భార్య, నేను చిన్న. సరస్సు ఒడ్డున ఉన్న మా ఊళ్లో విత్తనం ముందు పెద్దామె చేలో పడాలి, కోత ముందు అక్కడే మొదలవ్వాలి, కప్పు మార్చినా ముందు ఆమె ఇంటికే మార్చాలి. నా ఇల్లు ఎంత కారుతున్నా, ఆమె ఇంటి సంగతి తేలేదాకా నేను నిచ్చెన వేయించకూడదు.

మా ఆయన ఒగోలా పోయినప్పుడు పెద్దలు వచ్చి అక్క ఇంటి కొప్పు మీదున్న కర్రను పీకేశారు. దాన్ని ఒసురి అంటాము. అది నిలబడి ఉంటే లోపల మగవాడు ఉన్నట్టు. ఆ తర్వాత గడ్డి త్వరగానే కుళ్లింది. కొత్త గడ్డి కప్పడానికి మగవాడు పైకెక్కాలి. మొగుడు పోయిన ఆడదాని ఇల్లు కప్పినవాడే ఆ ఇంటికి మగవాడు. మా మరిది ఒబుంగా అందుకు తయారుగా ఉన్నాడు, గడ్డి మోపులు కూడా తెప్పించి పెట్టుకున్నాడు. అక్క లొంగితే వరసలో తర్వాత నేనే.

అక్కకు అతను వద్దు. ఆ మాట తిన్నగా అనకుండా, ఇనప రేకులు వేయించాలని ఉంది, ముందు అవెలా ఉంటాయో చూడాలి అంది.

అన్నట్టే చూసింది. మిట్టమధ్యాహ్నం పొరుగింటి రోదా దగ్గరికి వెళ్లి, రేకుల కింద చాప వేసుకుని పడుకుంది. చెమటతో తడిసి వచ్చి, ఆ ఇంట్లో చేపలు కాల్చడానికి పొయ్యి అక్కర్లేదని చెప్పింది. మబ్బు పట్టినప్పుడు మళ్లీ వెళ్లింది, నన్నూ తీసుకెళ్లింది. వాన మొదలవగానే రోదా పెదవులు కదలడమే కనిపించింది. మూలనున్న ఆమె అత్తగారు ఎవరినో తిడుతోంది. ఒక్క తిట్టూ ఎవరికీ చేరలేదు.

తిరిగి వస్తూ అక్క అంది: "అత్తగారున్న ఇంటికి రేకులే మంచివే, యూనియా."

చూరు కింద రోదా పీపా నిండి పొర్లడం కూడా ఆమె చూసింది. మేమేమో కడవలతో సరస్సుకు నడిచేవాళ్లం. ఇక రేకులకు చెద పట్టదు, నిప్పురవ్వ పడినా అంటుకోదు. అన్నిటికన్నా పెద్ద లాభం మేమిద్దరం నోరు తెరిచి అనుకోలేదు. ఒకసారి మేకులు కొడితే మా జీవితాల్లో మళ్లీ ఎవరూ పైకెక్కే పని ఉండదు.

ఒబుంగా చెవిన పడింది. వచ్చి చెట్టు నీడన పీట వేసుకున్నాడు.

"ఇనుము పిడుగుని పిలుస్తుంది వదినా."

"చర్చి మీద ఉన్నదేంటి, అరిటాకులా?"

"ఎండకి లోపల ఉడికిపోతావ్."

"ఉడికితే బయటికొచ్చి కూచుంటా."

అప్పుడు అసలు మాట తీశాడు. "సరే, వేయించుకో. కొత్త కప్పంటే కొత్త ఇల్లే. మొదటి మేకు మన ఇంటి మగాడే కొట్టాలి. అయినా రేకుల మీద ఒసురి ఎక్కడ నిలబెడతావ్?"

అక్క చేపలు తిరగేయడం ఆపలేదు. "మీరే కదయ్యా పీకి పట్టుకుపోయింది. మళ్లీ నిలబెట్టమని నేనెప్పుడు అడిగాను?"

మాట బాగానే అంది కానీ ఆ పూట ముద్ద మింగలేదు. మేకు సంగతి అతను ఊరికే అన్నది కాదు. ఆ ఆచారం కాదని కప్పిన కొత్త ఇంట్లో మా వాళ్లెవరూ మంచినీళ్లు కూడా ముట్టరు.

మర్నాడు పొద్దున్నే మంచం మీద వెల్లకిలా పడుకుని చాలాసేపు పైకి చూసింది. తర్వాత నన్ను పిలిచింది. "పైగడ్డే కుళ్లింది. అడుగు పొర చూడు, ఆయన పరిచింది. గలగలమంటోంది. దాన్ని కదిపేది లేదు."

ఎద్దును అమ్మి రేకులు కొంది. పట్నం నుంచి వచ్చిన వడ్రంగి చేత కుళ్లిన గడ్డి మాత్రమే తీయించింది. ఒగోలా కట్టిన వాసాలు, ఆయన పరిచిన పొర అలాగే ఉంచి, వాటి పైన అడ్డకర్రలు వేయించి రేకులు బిగించింది. గడ్డిలో ఎలుకలు చేరతాయని వడ్రంగి గొణిగాడు.

"పిల్లిని తెచ్చుకుంటా. దానికి ఇంటి పెత్తనం అక్కర్లేదు" అంది అక్క.

ఒబుంగా ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకుని వచ్చాడు. లోపలికి వచ్చి ముగ్గురూ తలలెత్తి చూశారు. పైన అదే గడ్డి, ఒగోలా వేసిన అవే ముళ్లు. పెద్దాయన చేతికర్రతో ఒక వాసాన్ని తట్టి చూశాడు.

"ఇది కొత్త ఇల్లు కాదు. ఒగోలా ఇల్లే. నెత్తిన టోపీ పెట్టుకుంది, అంతే" అని కూర్చుని టీ అడిగాడు.

టీ మరిగేలోగా వాన అందుకుంది. ఒబుంగా పీట దగ్గరికి జరుపుకుని అక్క వైపు వంగాడు. "రేకులైనా గడ్డైనా ఇంటికి మగాడు కావాలి వదినా. నేనున్నానుగా."

అక్క చెవికి చేయి అడ్డం పెట్టుకుంది. "వాన చప్పుడు నాయనా. ఒక్క ముక్కా వినపడటం లేదు."

అదే మాట పెద్దల ముందు అరిచి చెప్పడం అతని వల్ల కాలేదు. గ్లాసు అందుకున్నాడు.

వాన మోతనంతా ఒగోలా గడ్డి మింగేసింది. మూలన కూర్చున్న నాకు ఒబుంగా టీ గుటక వేయడం కూడా వినిపించింది.

ఆ నెలలోనే నా ఇంటికీ నిచ్చెన వేశారు. అడుగు పొర కదపొద్దని వడ్రంగికి అక్కే దగ్గర నిలబడి చెప్పింది.

నిన్న సాయంత్రం వాన పడింది. ఆమె ఇంట్లో చాప మీద కూర్చుని విన్నాను. పిల్లి కూడా తలెత్తి వింటోంది.