వాన డబ్బా టీచరుగారు

మా టీచరుగారు పోయారు. కబురు నాకు పొద్దున్న ఎనిమిదిన్నరకి వచ్చింది. టీచరుగారి పక్కింటి పిన్నిగారు ఆవిడ ఫోనులోంచే చేశారు. ఆ వేళకి ఆ నంబరు కనిపిస్తే పదకొండేళ్లుగా నా నోట వచ్చే మాట ఒక్కటే. నాలుగు రోజులుగా ఆవిడ ఆస్పత్రిలో ఉన్నారన్న సంగతి కూడా మరిచిపోయి, "ఎంతండీ టీచర్?" అనేశాను. అవతల పిన్నిగారు భోరుమన్నారు.

ఎంత అంటే ఎంత వాన పడిందని. నేను అమలాపురంలో ఒక ఆఫీసులో పనిచేస్తాను. ఎక్కడ ఎంత కురిసింది, అందులో నేల ఎంత తాగింది, మిగిలింది ఎన్ని గంటల్లో మురుగు కాలువలోకి దిగుతుంది అని కంప్యూటర్లో లెక్క కట్టి, ఏ ఊరికి ముంపో ముందుగా చెప్పడం నా పని. గోదావరి నిండుగా ఉన్న రోజుల్లో కాలువ నీళ్లు అందులోకి దిగవు, వెనక్కి తంతాయి. లెక్క తప్పితే చేలూ ఇళ్లూ కూడా మునుగుతాయి.

ఈ విద్యకి పుస్తకాల్లో పెద్ద పెద్ద పేర్లున్నాయి. నేను మాత్రం కొత్తపేట దగ్గర మా హైస్కూల్లో, తొమ్మిదో తరగతిలో, చిల్లుల బకెట్టు దగ్గర నేర్చుకున్నాను. టీచరుగారు అందులో ఎండిన కొబ్బరిపొట్టు నింపి, చెంబుడు నీళ్లు పొయ్యమన్నారు. కింద చుక్క రాలేదు. రెండో చెంబుకి నాలుగు చుక్కలు. మూడో చెంబు పోసింది పోసినట్టే నా పరికిణీ మీదకి వచ్చేసింది. క్లాసంతా ఒకటే నవ్వు. "నిన్నటి వాన తెలీకుండా ఇవాళ్టి వరద తెలీదమ్మా," అన్నారావిడ, తన కొంగుతో నా పరికిణీ పిండుతూ.

రిటైరయ్యాక వాన కొలిచే డబ్బా ఒకటి దొడ్లో పాతించుకున్నారు. దానికి నెత్తిన ఆకాశం ఖాళీగా ఉండాలని, కాపు మీదున్న కొబ్బరిచెట్లు రెండు కొట్టించేశారు. కోనసీమలో అదెంత పనో మీకు చెప్పక్కర్లేదు. ఊరంతా ముక్కున వేలేసుకుంది. కొబ్బరికాయల దింపు తీసే ఆయన గొడ్డలి పట్టుకుని కూడా మరోసారి ఆలోచించుకోండని బతిమాలాడట. చెట్టు కింద పెడితే చెట్టు తడిసిన లెక్కొస్తుంది గానీ ఊరు తడిసిన లెక్క రాదని ఆవిడ తేల్చేశారట.

రోజూ ఎనిమిదిన్నరకి కొలత గ్లాసు కంటికి ఎదురుగా పట్టుకుని చూసి, పుస్తకంలో రాసి, ఆ నీళ్లు కనకాంబరం మొదట్లో పోసి, అప్పుడు నాకు ఫోన్. వాన లేకపోయినా చేసేవారు. "సున్నాయేనమ్మా. చూసేను," అనేవారు. ఆ "చూసేను" ఒక్కరోజు కూడా మానలేదు.

ఎందుకు మానలేదో చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన ఏడాది ఆవిడ ఎవరిదో పెళ్లికని రెండ్రోజులు ఊరెళ్లారు. పుస్తకంలో ఆ తేదీల పక్కన, చూళ్లేదన్న గుర్తుగా, గీత పెట్టారు. ఖాళీ గడులుంటే కంప్యూటరు నడవదు, నేను రెండు సున్నాలు కొట్టేశాను. తీరా ఆ రెండు రోజులూ అక్కడ కుంభవృష్టి. నేల పొడిగా ఉందనుకుంది కంప్యూటరు. మూడోరోజు వానకి కాలువ పొంగదని నేను చెప్పాను. పొంగింది. వరినాట్లు ఊడ్చిన చేలన్నీ నీళ్ల కింద కుళ్లిపోయాయి.

ఆవిడ పుస్తకం పట్టుకుని బస్సులో ఆఫీసుకి వచ్చారు. కేకలేస్తారనుకున్నాను. నీళ్లు తాగి, నెమ్మదిగా అన్నారు: "వాన లేదనడం వేరమ్మా, నేను చూళ్లేదనడం వేరు. చూడనిదానికి సున్నా వెయ్యకు. ఫోన్ చేసి అడుగు." మర్నాటి నుంచి నేను అడక్కుండానే ఆవిడే రోజూ ఫోన్ చెయ్యడం మొదలుపెట్టారు.

మొన్నీమధ్య ఒకరోజు ఎనిమిదిన్నరకి ఆవిడ ఫోను రాలేదు. తొమ్మిదికల్లా లెక్క పైకి పంపాలి. అమలాపురంలో చినుకు లేదు. అక్కడా పడి ఉండదులే అనుకుని ఆవిడ గడిలో సున్నా కొట్టేశాను. ఒక్క ఫోను చెయ్యలేదు. నా చేతులు పడిపోను!

ఆ వేళకి ఆవిడ డబ్బా పక్కనే, రాత్రి వానకి తడిసిన నాపరాయి మీద జారి పడి ఉన్నారు. ఇంట్లో ఒక్కరే. పదకొండింటికి పిన్నిగారు చూసేదాకా అలాగే ఉన్నారు. రెండు గంటలు ముందు తెచ్చి ఉంటే బాగుండేదని డాక్టరు మామూలుగానే అన్నాడు. ఆయనకేం తెలుసు?

మర్నాడు ఆస్పత్రిలో ఆవిడకి కాస్త తెలివొచ్చింది. నన్ను గుర్తుపట్టి, "నిన్నటిది ఏం వేసేవమ్మా?" అని అడిగారు.

"గీత పెట్టేనండి."

"ఆయ్," అన్నారు. మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లని చూసినట్టు చూశారు. ఆ తరవాత మాటలేదు. నాకు లెక్క నేర్పిన మనిషికి నేను చెప్పిన ఆఖరి మాట అబద్ధం.

దహనం అయిన మర్నాడు పొద్దున్నే ఆవిడ దొడ్లోకి వెళ్లాను. మేకుకి వేలాడుతున్న పుస్తకంలో ఆ రోజు తేదీ వేసి ఉంది, పక్కన ఖాళీ. అక్కడ గీత పెట్టాను. తరవాతి రోజులకీ తేదీలు వేసి, గీతలు పెట్టాను. డబ్బాలో అన్ని రోజుల వానా కలిసిపోయి ఉంది. ఏ రోజుది ఎంతో ఇక ఎవరూ చెప్పలేరు. అయినా గ్లాసులో పోసి, కంటికి ఎదురుగా పట్టుకుని చూశాను.

ఆ నీళ్లు కనకాంబరం మొదట్లో పోశాను. నేల తాగలేదు. అప్పటికే నిండుగా తాగి ఉందేమో, పోసింది పోసినట్టే నా పాదాల మీదుగా, ఆవిడ పడిన నాపరాయి మీదుగా, కాలువ వైపు వెళ్లిపోయాయి.