పలకని చక్రాలు

మా పెదనాన్న ముప్పై ఏళ్లుగా గ్రైండింగ్ షెడ్డు హోరులోనే బతికాడు. గట్టి ఉక్కుకు మెత్తటి సానచక్రం, మెత్తటి ఇనుముకు గట్టి చక్రం ఎంచడంలో ఆయన మాటే చెల్లేది. మిషనుకు ఎక్కించే ముందు ప్రతి చక్రాన్నీ చెక్క సుత్తితో కొట్టి వినేవాడు. ఖంగుమంటే మంచిది. మొద్దుగా పలికితే పగులున్నట్టే. తిరుగుతూ పేలి ప్రాణం తీస్తుంది.

ఆ మధ్యాహ్నం మిషన్లు ఆగి ఉండగా, కొత్తగా వచ్చిన ఆరింటినీ కొట్టి చూసి పక్కన పడేశాడు.

"అన్నీ పగిలినవే! తెచ్చేటప్పుడు గుడ్డిగుర్రాలకు పళ్లు తోముతున్నావా?" అని స్టోరు చూసే తన బావమరిదిని దులిపేశాడు.

బావమరిది సుత్తి అందుకుని ఒక్కోదాన్నీ కొట్టాడు. ఆరూ ఖంగుమన్నాయి. షెడ్డులో అందరూ తలెత్తి చూశారు.

"విన్నావుగా? ఒక్కటైనా పలికిందా?" అన్నాడు పెదనాన్న.

బావమరిది తల అడ్డంగా ఊపి, ఆరింటినీ తిరిగి పెట్టెలో సర్దాడు.