ఆగుతూ ఆగుతూ ఊపందుకున్న చక్రం

దయ్యాలంటే నాకు నవ్వు. వికారాబాద్ హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. నాతో వాదించలేక దయ్యాలే ఊరు విడిచిపోతాయని మా ఆవిడ ఎగతాళి చేసేది.

డెబ్బైల మొదట్లో ఇంట్లో పరిపించడానికి బండలు చూద్దామని తాండూరు వెళ్లాను. నాపరాళ్లు కోసే కార్ఖానాలో మక్బూల్ మిస్త్రీ పనిమీద ఉన్నాడు. మధ్యాహ్నం కరెంటు పోయింది. కరెంటు మళ్లీ వచ్చినా కోత చక్రానికి అందకుండా, అతను వెంటనే మోటారు నుంచి చక్రాన్ని తిప్పే బెల్టును కర్రతో తప్పించాడు.

అక్కడివాళ్లు చక్రం పూర్తిగా ఆగేదాకా కాచుకోరు. చప్పుడు సన్నగిల్లడం చెవితోనే పట్టి, అది ఇంకా కాస్త తిరుగుతుండగానే పక్కన పేరుకున్న రాతి బురద చేత్తో తీసేస్తారు. మక్బూల్ కూడా చెయ్యి పెట్టాడు.

తగ్గుతున్న చప్పుడు ఉన్నట్టుండి పెరిగింది. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. బెల్టు నేలమీదే పడి ఉంది. చక్రం ఒక్కసారి వేగం అందుకుని, తర్వాత మెల్లగా ఆగిపోయింది. మక్బూల్ రెండు వేళ్లు పోయాయి.

చేతికి గుడ్డ చుడుతుంటే అతను కార్ఖానా యజమాని సేటుతో ఒకటే మాట అన్నాడు. "చక్రం దానంతట అదే ఉరికింది సేట్."

సేటు నావైపు తిరిగాడు. "సార్, మీరు సదువు చెప్పేటోళ్లు. గట్లయితదా?"

కాదన్నాను. ఎవరూ తిప్పకుండా ఏదీ వేగం పెంచుకోదని పాఠం చెప్పినట్టు చెప్పాను. కళ్లారా చూసి కూడా. తప్పు మక్బూల్‌దేనని తేల్చి సేటు అతణ్ణి పనిలోంచి తీసేశాడు.

ఎనభైల్లో, హైదరాబాద్‌లో చదువుతున్న మా మేనల్లుడు పల్సార్ల గురించి చెప్పాడు. గిర్రున తిరిగే నక్షత్రాలట. ఏళ్ల తరబడి నెమ్మదిస్తూ, ఒక్కోసారి ఉన్నట్టుండి వేగం పెంచుకుంటాయట. బయటినుంచి తోసేవాళ్లెవరూ ఉండరు. కారణం నక్షత్రం లోపలే ఉండాలని శాస్త్రజ్ఞులు అనుకుంటున్నారట.

ఆ రాత్రంతా మక్బూల్ చక్రమే గుర్తొచ్చింది. మర్నాడు తాండూరు రైలెక్కాను. మక్బూల్ స్టేషన్ బయట చాయ్ బండి పెట్టుకున్నాడు. నక్షత్రాల సంగతంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"సుక్కల ముచ్చట నాకెందుకు సార్," అన్నాడు. "గా దినం మీరు గాడనే ఉన్నరు కద. చూసిన అని ఒక్క మాట అంటే అయిపోతుండె."

సిగ్గుతో చచ్చిపోయాను. అటునుంచి అటే సేటు ఇంటికి వెళ్లి, ఆ రోజు చక్రం ఉరకడం నేను చూశానని చెప్పాను. ఎందుకు ఉరికిందని ఆయన అడిగాడు.

తెలియదన్నాను. ఇప్పటికీ తెలియదు.