మైలవరం గుట్టలో మిలిటరీ గది

ఆ రోజుల్లో ధైర్యమంటే బస్సు పూర్తిగా ఆగకముందే దిగడమని నా నమ్మకం. విజయవాడలో ఓ చిన్న వారపత్రికలో కొత్తగా చేరాను. కార్గిల్‌లో యుద్ధం నడుస్తోంది, ఊళ్లో ఎవరి నోట విన్నా అదే మాట. "మన దగ్గరా భూమిలోపల మిలిటరీ బంకర్ ఒకటి ఉందట, దాని చరిత్ర రాసుకురా" అన్నారు ఎడిటర్‌గారు. భవానీపురంలో నా అద్దెగది పక్కవాటాలో ఓ రిటైర్డ్ హవల్దారు ఉండేవారు (వీధంతా ఆయన్ని మిలిటరీ బాబాయ్ అనేది). వాళ్ల నాన్నగారు ఆ బంకర్లోనే పనిచేశారట. నేను అడగడమే ఆలస్యం, గడ్డం గీసుకుని తయారైపోయారు.

మైలవరం దాటాక, మామిడితోటల వెనక గుట్టలో ఉందది. ఇనపతలుపు తోసుకుని మెట్లు దిగాం. "జపానోళ్లు విశాఖ మీద బాంబులేశాక తవ్వారమ్మా దీన్ని. వాళ్లు బందరు వైపు దిగితే ఆఫీసర్లు ఇక్కడ కూర్చుని ఫౌజుని నడిపించాలని. ఇదిగో, ఇక్కడ మ్యాపుల బల్ల. అదిగో, ఆ మూల మా నాన్న టెలిఫోన్ చూసేవాడు. యుద్ధం అయిపోయింది, ఇక్కణ్నించి ఒక్క ఆర్డరూ వెళ్లలేదు" అన్నారు టార్చి తిప్పుతూ (అదేదో పెద్ద నష్టమైనట్టు). సైన్యం వెళ్లిపోయాక రైతులు అందులో మామిడి గంపలు దాచుకున్నారట. ఆయన చెబుతుంటే నేను రాసుకుంటున్నాను. ఇంతలో పైన గడియ పడిన చప్పుడైంది (మేకలు దూరుతున్నాయని తోట కాసే ఆవిడ వేసేసిందని తర్వాత తెలిసింది).

తలుపు బాదాం, పిలిచాం. ఎవరూ పలకలేదు. గాలి కోసం పైకి పెట్టిన గొట్టం కిందకి వెళ్లి బాబాయ్ "కోయీ హై? దర్వాజా ఖోలో" అని గట్టిగా అరిచారు (కంగారు పుడితే ఆయనకి హిందీయే వచ్చేది, సర్వీసులో పడిన అలవాటు). పైన ఎవరో పరిగెత్తారు. కాసేపటికి గొట్టంలోంచి మాటలు వినపడ్డాయి. "పాకిస్తానోళ్లే. లోపల దాక్కున్నారు. కర్రలు తెండి." బాబాయ్ గొంతు తగ్గించి, "నువ్వు మాట్లాడమ్మా. నా సాయిబు పేరు మాత్రం ఇప్పుడే చెప్పకు" అన్నారు. అప్పటిదాకా నా భయం నా ఒక్కదాని గురించే.

"మాది మంగళగిరండీ. మా నాన్న చీరలు నేస్తాడండీ" అన్నాను ఏడుపు గొంతుతో.

"మంగళగిరైతే చెప్పు, కొండమీద సామి పానకం ఎంత తాగుతాడు?" అంది పైనుంచి ఓ ఆడగొంతు.

"సగం తాగి సగం మనకే వదిలేస్తాడండీ."

గడియ తీశారు.

బయట కర్రలతో పాతికమంది దాకా ఉన్నారు. గడియ తీసినావిడే, ఆ తోట కాసే ఆవిడ, బాబాయ్‌ని ఎగాదిగా చూసి "తమరి పేరేంటండీ?" అంది. ఆయన నిటారుగా నిలబడి తన పేరు, తండ్రి పేరు, ఆయన ఈ గుట్టలో చేసిన ఉద్యోగం, అన్నీ చెప్పారు. ముందున్న ఒకాయన కర్రని మెల్లగా వెనక్కి పెట్టుకున్నాడు. "ఎండన పడొచ్చారు, మజ్జిగ తాగండి" అంది ఆవిడ. ఆయన గ్లాసు రెండు చేతులతో పట్టుకుని మొత్తం ఒక్క గుక్కలో తాగేశారు.

తిరుగు బస్సులో సీటు దొరకగానే నా భయం ఎటుపోయిందో తెలియదు. "ఇలాంటివి ఇంకెక్కడైనా ఉన్నాయా బాబాయ్?" అనడిగాను. ఆయన కిటికీ వైపు తిరిగి "ఉన్నా నీకు చెప్పను" అన్నారు. అలా అడిగిన ఆ పిల్లని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ తొందరలో కాస్తయినా నా దగ్గర మిగిలుంటే బావుండేదనీ అనిపిస్తుంది.