ఎడంచేతి చొక్కా

మా మేనత్త పోయిందన్న కబురు నాకు నౌపడ ఉప్పుమళ్లలో అందింది. రైల్వేలో గ్యాంగు పని చేసే మా ఊరి మనిషి ఒకడు గట్టు మీద నిలబడి చెయ్యి ఊపాడు. ఎప్పుడూ రానివాడు వచ్చాడంటేనే సగం అర్థమైంది. "మీ అత్త నిన్న పొద్దున్న ఎల్లిపోనాదిరా. కుట్టుకుంటా కుట్టుకుంటా గోడకి జారబడిపోనాదంట. మీ మావ నిన్ను రమ్మన్నాడు" అన్నాడు. కాళ్లకంటిన ఉప్పు కడుక్కోకుండానే విజయనగరం బండెక్కాను. ఇల్లు చేరేసరికి దహనం కూడా అయిపోయింది.

ఆమె గురించి నలుగురికీ చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను. తొమ్మిదో తరగతిలో బడి మానేసినవాణ్ణి, తప్పులుంటే సర్దుకోండి.

మా ఊరు రామతీర్థం పోయే దారిలో ఉంది. అత్త మా నాన్నకి అక్క. బస్సు క్లీనరుగా కొన్నాళ్లు, బెల్లం వండేచోట కొన్నాళ్లు, ఏ పనిలోనూ ఆర్నెల్లు నిలవని నేను మధ్యమధ్య వచ్చిపడేది ఆవిడ ఇంట్లోనే. వీధరుగు మీద చేతిమిషను, దాని ముందు అత్త. నాకు గుర్తున్నంతవరకూ ఆ ఇల్లంటే అదే.

సైకిలు చువ్వని రాయి మీద అరగదీసి, కొస వంచి, లేసు అల్లే కొక్కెం ఆవిడే చేసుకుంది. దారం కొనడం తక్కువ. పిండి బస్తాల మూతికుట్లు లాగి ఉండలు చుట్టుకునేది. ఆ దారంతోనే తలగడ గలీబులకి అంచులూ, మంచినీళ్ల కుండకి మూతగుడ్డా, దేవుడి గూటికి తెరా అల్లింది. ఎదురుగా నమూనా కాగితం ఏదీ ఉండేది కాదు. చూపు వీధిలో, మాట మాతో, వేళ్ల కింద మాత్రం ఆకులూ పువ్వులూ వచ్చేస్తుండేవి. ఎలా వస్తున్నాయో చూద్దామని దగ్గరకెళ్లి కూర్చునేవాణ్ణి. ఎంతసేపు చూసినా నాకు దొరికేది కాదు.

దసరాకి ఇంటిల్లిపాదికీ ఒకటే గుడ్డ తాను తెప్పించేది. కొన్న గుడ్డని వెంటనే కత్తిరించేది కాదు. తడిపి, ఆరేసి, రెండు రోజులు దండెం మీదే ఉంచేది. కొత్త గుడ్డకి మన ఇల్లు అలవాటవ్వాల అనేది. అందులోంచే పిల్లల నిక్కర్లు, ఆడపిల్లల గౌన్లు, మిగిలిందాంతో కిటికీ తెరలు. ఒక ఏడాది అందరం నీలం చారల్లో ఉన్నాం. మీ ఇంట్లో మనిషేదో తెరేదో తెలవడం లేదని ఎదురింటావిడ దెప్పితే, అత్త మిషను ఆపకుండానే, "పలకరించి సూడు. పలికినోడు మనిషి" అంది.

అయిదేళ్ల కిందట మావకి పక్షవాతం వచ్చింది. అత్త భర్తే మా మావ. అపరాల వ్యాపారి. వారంవారం సంతకెళ్లి కందులూ మినుములూ బేరమాడేవాడు. కాళ్లూ మాటా తిరిగి వచ్చాయి గానీ కుడిచెయ్యి పడిపోయింది. చొక్కా లేకుండా ఏనాడూ గడప దాటని మనిషి. ఇప్పుడు చొక్కా తనంతట తాను తొడుక్కోలేడు, ఇంకొకరి చేత తొడిగించుకోడు. దాంతో ఇంట్లోనే ఉండిపోయాడు. నెలలు గడిచాయి. సంతలో ఆయన చోటులో ఇంకొకడు కూర్చున్నాడు. మావ గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు.

దానికేటి, నేను తొడుగుతాను మావా అన్నాను ఒకరోజు. రెండు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. అత్త తిట్టలేదు గానీ, "తొడిగేవోలు ఇంటినిండా ఉన్నార్రా. ఆయనే తొడుక్కోవాల" అంది.

ముందు గుండీ కాజాలు తీసేసి వాటి బదులు పెద్దపెద్ద లేసు ఉంగరాలు అల్లింది. చూడ్డానికి ఎంత ముద్దుగా ఉన్నాయో. మావ తంటాలు పడి, పడి, చొక్కాని మంచం మీంచి విసిరేశాడు. ఉంగరం లాగిపట్టడానికి ఒక చెయ్యి, గుండీ దూర్చడానికి ఒక చెయ్యి కావాలి. అత్త రెండు చేతులతో పెట్టి చూసుకుని బాగుందనుకుంది. చొక్కా తీసుకెళ్లి ఉంగరాలన్నీ విప్పేసింది.

తర్వాత ఒక మధ్యాహ్నం, మావ వసారాలో కునుకు తీస్తుంటే, నేను ఏదో వెతుక్కుంటూ గది తలుపు తోశాను. చీర మీద మావ చొక్కా తొడుక్కుంటోంది అత్త. కుడిచేతిని తువ్వాలుతో నడుముకి బిగించి కట్టేసుకుంది. ఎడంచెయ్యి ఒక్కదాంతో గుడ్డ లాక్కుంటూ చెమటతో తడిసిపోయింది. నాకు నవ్వొచ్చింది. వచ్చినట్టే ఆగిపోయింది.

"ఏటత్తా ఇది?"

"తలుపెయ్యి. మీ మావ లేస్తాడు."

సర్దుదామని చెయ్యి చాపాను.

"ముట్టుకోకు. ఆయన ఎవుల్నీ ముట్టుకోనివ్వడు. నాను ముట్టుకోనిస్తే నాకేటి తెలుస్తాది?"

మూడు వారాలు, రోజూ, ఆ తలుపు వెనక అదే పని. కుట్టడం, చెయ్యి కట్టుకుని తొడుక్కోవడం, విప్పడం. చివరికి కుడిపక్క కుట్టు చేతి అంచు నుంచి నడుము దాకా తెరిచేసింది. అక్కడ టిచ్ బటన్లు పెట్టింది. అవీ ముందు కుదరలేదు. మెత్తటి పొట్ట మీద నొక్కితే పడవు, కింద గట్టిగా ఏదో ఉండాలి. అందుకని వాటిని జరిపి పక్కటెముకల మీదికి తెచ్చింది. ఎడంచెయ్యి అడ్డంగా వచ్చి నొక్కితే ఒక్కొక్కటీ టక్కుమని పడేది. మెడలోంచి దూర్చుకోడానికి పైన రెండు గుండీలు తెరిచే ఉంటాయి. మిగతా ముందు గుండీలు ఉత్త అలంకారానికి, కదలకుండా కుట్టేసినవి. సంతలో ఎవరు చూసినా అది అందరి చొక్కాలాంటి చొక్కా.

సంత రోజు పొద్దున్నే దాన్ని మడతపెట్టి మంచం మీద ఉంచి, వచ్చి అరుగు మీద కూర్చుంది. గుమ్మానికి వీపు పెట్టి మిషను తిప్పుతోంది. తిప్పుతూనే ఉంది. సూది కింద గుడ్డ లేదు. నేను చూశాను, ఆవిడ చూసుకోలేదు.

చాలాసేపటికి మావ గడప దాటాడు. చొక్కా ఒంటి మీద ఉంది.

"సంతకెల్తన్నాను" అన్నాడు.

"సంచి మరిసిపోకండి" అంది అత్త, వెనక్కి తిరగకుండా.

ఆ తర్వాత నాలుగేళ్లూ ఒక్క సంతా మానలేదు ఆయన.

అత్త పోయిన మూడో రోజున మావ నన్ను గదిలోకి పిలిచాడు. చిరిగిన చొక్కా ఒకటి నా ముందు పెట్టాడు. మొట్టమొదట కుట్టినది అదేనట. ఇంకా రెండే ఉన్నాయన్నాడు. అవి పోతే మళ్లీ గోడవైపేనని ఆయన అనలేదు, నాకు వినబడింది. అత్త గదిలో ఎలా కుట్టిందో చెప్పబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

"తెల్సురా. కొత్త సొక్కా, మెడపట్టీకి లోపల పసుపంటుకుని ఉన్నాది. నాను రాసుకుంటానేటి పసుపు? మీ అత్తతో అనలేదు, సిగ్గుపడతాదని." చొక్కా నావైపు జరిపి, "నువ్వు కుట్టగలవేటి?" అన్నాడు.

కుట్టగలనని చెప్పే ధైర్యం నాకు లేదు. కొలతలు తెలియాలంటే విప్పాలి కదా అని చొక్కా తీసుకుని గుమ్మంలో కూర్చున్నాను. ఏ చోటా గంటసేపు కూర్చోనివాణ్ణి, మధ్యాహ్నం దాకా ఒక్కో పోగూ లాగుతూ ఉండిపోయాను. కుడిపక్క మడత పూర్తిగా విడివడ్డాక గుడ్డని ఎండకి ఎత్తిపట్టాను. ఆ మడత లోపలంతా సూది బెజ్జాలే. ఒక వరుస కుట్టి విప్పింది, దాని పక్కనే ఇంకొకటి, దాని పక్కనే మరొకటి, పొట్ట దగ్గర్నుంచి ఎముక మీదికి జరుగుతూ జరుగుతూ వచ్చిన వరుసలు. లెక్కపెట్టబోయి వదిలేశాను. ఎండ వాటిలోంచి దిగి నా మోకాలి మీద సన్నటి చుక్కలుగా పడింది. మావ వచ్చి పక్కన కూర్చుని, ఎడంచెయ్యి చాపి, ఆ చుక్కల కింద పెట్టుకున్నాడు.