రొయ్యల కాటా ఎక్కిన కబడ్డీ వీరుడు

కబడ్డీ జట్టులో చోటు పోగొట్టుకోవడానికి చాలా మార్గాలున్నాయి. రొయ్యలు తూచే కాటాతో పోగొట్టుకున్నవాణ్ణి మాత్రం, నాకు తెలిసి, నేనొక్కణ్ణే.

తొమ్మిదో తరగతిలో నా బరువు అరవై ఒక్క కిలోలు. ఎత్తు సంగతి అడక్కండి. కోట అనే ఊరి దగ్గర మాకు రొయ్యల గుంటలున్నాయి. మేత మిగిల్చిందంటే రొయ్యకు జబ్బు చేసినట్టేనని నాన్న సిద్ధాంతం. అమ్మ దాన్నే నా కంచానికీ వర్తింపజేసింది.

“ఏంది అబ్బయా, రెండు ముద్దలు వదిలేసినావు? వొంట్లో బాగలేదా?”

బాగానే ఉందని నిరూపించడానికి ఆ రెండూ, ఇంకో నాలుగూ తినేవాణ్ణి.

ఆ ఏడు డ్రిల్లు సారు ప్రకటించారు: “యాభై ఐదు కిలోలు దాటినోడికి జట్టులో చోటు లేదు. నెల టైము.”

నేను కాలు పట్టుకుంటే గీత దాకా పాకినవాడు లేడు. ఆ చోటు నాదే కావాలి. నెలంతా గుంట గట్ల మీద పరిగెత్తాను. మొదట్లో కొంగలు ఎగిరిపోయేవి. వారం తిరిగేసరికి తీరిగ్గా నడుచుకుంటూ దారిచ్చేవి.

ఎంపికకు రెండు రోజుల ముందు మా గుంటలో పట్టుబడి, అంటే పెరిగిన రొయ్యల్ని పట్టి తూచి అమ్మే రోజు. తూచేవాళ్లు టీకి వెళ్లగానే కాటా ఎక్కాను. యాభై నాలుగు!

“అమ్మా, ఏడు కిలోలు తగ్గినా!”

“అయ్యో, చిక్కి సగమైపోయినావు కదరా!”

ఆ సగాన్ని పూడ్చే పని అమ్మ వెంటనే మొదలుపెట్టింది. రొయ్యల ఇగురు, చేపల పులుసు, మళ్లీ ఇగురు. కిలో మిగులు ఉందన్న ధీమాతో నేనూ సహకరించాను.

ఎంపిక రోజు నాన్న బండి మీద తీసుకెళ్లాడు. స్కూలు కాటా ఎక్కాను. అరవై ఒకటి.

“సార్, మీ కాటా చెడిపోయింది. నేను యాభై నాలుగే!”

“యాడ చూసుకున్నావురా?”

“మా గుంట కాడ, రొయ్యల కాటా మీద.”

వెనక నాన్న దగ్గాడు. “అది రొయ్యలు పోసే నాలుగు ట్రేల బరువు తీసేసి చూపిస్తది సార్. ఆరు కిలోలు. ఎక్కే ముందు ఖాళీ కాటా మీద మైనస్ ఆరు కనపళ్లేదంట్రా నీకు?”

నెల పరుగుకు తగ్గింది ఒక్క కిలో. దాన్నీ ఇగురుతో పూడ్చేశానన్నమాట.

సారు గంభీరంగా ఆలోచించారు. “అయితే ఆ ట్రేలు పంపించన్నా. నీ కొడుకు కన్నా అవే తేలిగ్గా ఉండాయి.”

ఆరోజే శపథం చేశాను. జన్మలో రొయ్యల కాటా ఎక్కను. తప్పనిసరై ఎక్కితే, నాలుగు ఖాళీ ట్రేలు నెత్తిన పెట్టుకునే ఎక్కుతాను.